టానిక్ లేబులు

మందు సీసా మీద లేబులు చిరగకుండా ఊడి రావాలంటే గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట నానబెట్టాలి. గోటితో గీకకూడదు. అంచు దానంతట అది లేచాక మెల్లగా లాగాలి. రెండేళ్ళ పాటు చేసి చేసి ఈ విద్యలో నాకు బాగా చెయ్యి తిరిగింది. మా పాప ఫిట్స్ మందు సీసాకి ఉన్న లేబులు ఊడదీసి, నాలుగు ముక్కలు చేసి, చెత్తబుట్టలో కూరగాయల తొక్కల కింద పడేసేదాన్ని. దాని చోట పిల్లల బలానికి వాడే టానిక్ లేబులు అంటించేదాన్ని. ఆ లేబులు కోసమే విడిగా టానిక్ సీసా కొని, అందులోదంతా సింకులో పారబోసేదాన్ని.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మెదడు బొమ్మ పుస్తకం చూడకుండా బోర్డు మీద గీస్తాను. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే ఇందులో తెలివితక్కువ పనులన్నీ మా అత్తగారివే అనుకుంటారు.

పాపకి మొదటిసారి ఫిట్స్ వచ్చేనాటికి ఐదేళ్ళు. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక పాత మేడ మీద వాటాలో ఉంటాం మేము. ఉదయం ఏడున్నరకి పాలగ్లాసు పట్టుకుని నిలబడ్డ పిల్ల నన్ను చూస్తూ చూస్తూనే చూపు ఎటో పోయింది. గ్లాసు పడింది, వెనకే పిల్ల పడింది. కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. ఆటోనగర్‌లో లారీ బ్రేకు సామాన్ల కొట్టుకి బయల్దేరుతున్న మా ఆయన ఒంటి చెప్పుతో లోపలికి పరుగెత్తుకొచ్చారు. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరుగారి భార్య చప్పుడు విని, బీరువా తాళాల గుత్తితో పైకి వచ్చి, "ఇనుము పట్టించండి, ముందు ఇనుము పట్టించండి" అంటూ గుత్తి నా చేతిలో పెట్టారు. దాన్ని పాప గుప్పిట్లో పెట్టి, వేళ్ళు మూసి, పైనుంచి నా రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను. నాడీ వ్యవస్థ పాఠం అప్పటికి పన్నెండేళ్ళుగా చెబుతున్నాను. ఆ పూట అందులో ఒక్క ముక్క గుర్తు రాలేదు. మూడు నిమిషాలకి కదలికలు ఆగాయి. "చూశారా, ఇనుము మహిమ" అన్నారావిడ. నేను ఆవిడకి దణ్ణం పెట్టాను కూడా.

పరీక్షలన్నీ అయ్యాక పిల్లల నరాల డాక్టరుగారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. ఇది మూర్ఛ. మందుతో అదుపులో ఉంటుంది, చాలామంది పిల్లలకి కొన్నేళ్ళకి తగ్గిపోతుంది కూడా. పొద్దున ఐదు ఎం.ఎల్., సాయంత్రం ఐదు ఎం.ఎల్. సిరప్, ఒక్క పూట కూడా మానకూడదు. ఫిట్స్ వస్తే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో తాళాలు అక్కర్లేదు. గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే స్ప్రే ఒకటి ఉంది, అది కొట్టి దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అన్నీ కాగితం మీద రాసిచ్చి, చివర్లో ఇంకో మాట అన్నారు.

"ఇంట్లో అందరికీ చెప్పండి. స్కూల్లో చెప్పండి. పాప ఎవరి దగ్గర ఉంటే వాళ్ళకి తెలిసుండాలి. అది కూడా మందు లాంటిదేనండి."

బుద్ధిగా తల ఊపాను. ఆ మందు మాత్రం వాడలేదు.

నేను ఏడో తరగతిలో ఉండగా మా క్లాసులో ఒకమ్మాయికి ప్రార్థన దగ్గర ఫిట్స్ వచ్చాయి. మర్నాటి నుంచి ఆ అమ్మాయి బెంచీ మీద ఒక్కతే కూర్చునేది. అంటుకుంటుందని మా ఇంట్లో అన్నారు, ఆ పిల్ల పక్కన కూర్చునే నేను లేచి వెనక బెంచీకి వెళ్ళిపోయాను. దసరా సెలవుల తర్వాత ఆ అమ్మాయి బడికి రాలేదు. ఎందుకు రాలేదని నేను అడగలేదు. పాపని డాక్టరుగారి దగ్గర్నుంచి తీసుకొస్తుంటే ఆటోలో నాకు ఆ బెంచీయే కళ్ళ ముందు కనిపించింది. నా పిల్ల ఆ బెంచీ మీద కూర్చోవడానికి వీల్లేదని అప్పుడే నిశ్చయించుకున్నాను.

"మా అమ్మకైనా చెబుదాం" అన్నారు మా ఆయన.

"మీ అమ్మకి చెబితే హనుమాన్ జంక్షన్‌లో మైకు పెట్టి చెప్పినట్టే" అన్నాను. మా అత్తగారు జంక్షన్‌కి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లెలో ఉంటారు. ఆవిడ కడుపులో ఏ మాటా దాగదు. ఆవిడకి తెలిస్తే ఊరికి తెలుస్తుంది, ఊరికి తెలిస్తే చుట్టాలకి తెలుస్తుంది. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరో పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళు చెవులు కొరుక్కుంటారు. ఐదేళ్ళ పిల్లని ఎదురుగా పెట్టుకుని నేను అంత దూరం వెళ్ళిపోయాను. మా ఆయన ఇంకో రెండుసార్లు ఆ మాట ఎత్తారు. నా కోపం ముక్కు మీద ఉంటుందని ఆయనకి తెలుసు కాబట్టి మూడోసారి ఎత్తలేదు.

ఆ తర్వాత లేబులు పని మొదలుపెట్టాను. కానీ లేబులు చూసి పెద్దవాళ్ళు నమ్ముతారు గానీ, పిల్ల నోరు ఎలా మూయడం? పాపకి తెలుసు అది ఫిట్స్ మందని. డాక్టరుగారు దాని ముందే అన్నీ చెప్పారు మరి. అందుకని ఒకరోజు దాన్ని వంటింట్లో గట్టు మీద కూర్చోబెట్టి, చెయ్యి తీసుకుని నా నెత్తి మీద పెట్టుకున్నాను.

"ఎవరడిగినా టానిక్ అనే చెప్పాలి. నానమ్మకైనా సరే, టీచరుకైనా సరే. ఫిట్స్ అన్న మాట నీ నోట్లోంచి రాకూడదు. అమ్మ మీద ఒట్టు వెయ్యి."

"ఒట్టు" అంది పాప. అప్పుడే పళ్ళు ఊడుతున్నాయి దానికి, 'ట్టు' అనేసరికి గాలి వచ్చింది. నాకు నవ్వొచ్చి ముద్దు పెట్టుకున్నాను.

రెండేళ్ళలో నాలుగుసార్లే వచ్చాయి ఫిట్స్. నాలుగుసార్లూ ఇంట్లోనే, నా ఎదురుగానే, రెండు మూడు నిమిషాల్లో ఆగిపోయాయి. దాంతో నా పద్ధతే సరైనదని నాకు గట్టి నమ్మకం కుదిరింది. స్ప్రే నా హ్యాండ్‌బ్యాగులో లోపలి జిప్పులో ఉండేది. పాప ఎక్కడ ఉంటే నేనక్కడ ఉంటాను, నేను ఎక్కడ ఉంటే స్ప్రే అక్కడ ఉంటుంది, ఇంకెవరికీ తెలియనక్కర్లేదు అనుకున్నాను. బడి వేళల్లో పాప నా దగ్గర ఉండదు కదా అని మీరు అడగవచ్చు. ఆ మాట నన్ను నేను ఎప్పుడూ అడుక్కోలేదు. అడుక్కోబోయినప్పుడల్లా ఏదో ఒక పని కల్పించుకునేదాన్ని.

పాపకి ఏడు నిండాయి. ఆ ఏప్రిల్‌లో నాకు పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. పొద్దున వెళితే సాయంత్రానికి గానీ వదలరు. పాపకి సెలవులిచ్చేశారు. వేరే దారి లేక ఆదివారం నాడు తీసుకెళ్ళి అత్తగారి దగ్గర దింపాను. సీసా ఇచ్చి, మూతకున్న గీత చూపించి, "ఇక్కడిదాకా పొద్దునా సాయంత్రం. బలానికి అత్తయ్యా, ఒక్క పూట కూడా మానొద్దు" అన్నాను. స్ప్రే గురించి ఏమని చెప్పాలో తోచలేదు. బలానికి ముక్కులో కొట్టే మందు ఉండదు కదా. అది నా బ్యాగులోనే ఉండిపోయింది.

మంగళవారం సాయంత్రం అత్తగారు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, కంగారు పడమాక. పిల్లకి అమ్మవారు పోసింది. పొట్ట మీదా వీపు మీదా నీటిపొక్కులు. గుమ్మానికి వేపాకు కట్టా, పక్క మీద కూడా పరిచా. జ్వరం కొంచెం ఉంది, అది మామూలే."

చికెన్‌పాక్స్. జ్వరం వస్తే ఫిట్స్ వచ్చే అవకాశం ఎక్కువ. వెంటనే వస్తానన్నాను.

"వద్దమ్మా. బయట తిరిగొచ్చిన మనుషులు రాకూడదు. శనివారం నీళ్ళు పోస్తా, అప్పుడు రా. మీ ఆయన్ని కూడా రావద్దను."

"టానిక్ పట్టారా అత్తయ్యా?"

"ఆఁ, పట్టాలే."

బుధవారం అడిగాను, గురువారం అడిగాను. "పట్టాలేమ్మా" అన్నారు. నేను దిద్దిన పేపర్లలో ఆ రెండు రోజులవి మళ్ళీ చూడాల్సి వచ్చింది, మార్కులు కూడడంలో తప్పులు పోయాయి. మా ఆయన రాత్రి భోజనం దగ్గర ఏమీ మాట్లాడకుండా నా మొహంలోకి చూసేవారు. ఆ చూపు అర్థమై నాకు ఒళ్ళు మండేది. మన తప్పు ఎదుటివాళ్ళు నోరు తెరిచి చెబితే పోట్లాడవచ్చు, చెప్పకపోతే ఏం చేస్తాం.

శుక్రవారం పొద్దున ఫోన్‌లో పాపతో మాట్లాడతానన్నాను.

"అమ్మా, ఇవాళ రా" అంది.

"రేపు వస్తాను కదా నాన్నా. నానమ్మ రేపు నీళ్ళు పోస్తుంది."

"రేపు కాదు. నీకొకటి చెప్పాలి."

"ఇప్పుడు చెప్పు."

"నానమ్మ పక్కనే ఉంది" అని గుసగుసగా అని ఫోన్ ఇచ్చేసింది.

అత్తగారు ఏదో కసిరి ఉంటారు, పిల్ల బెంగ పెట్టుకుంది అనుకున్నాను. అయినా కాలు నిలవలేదు. పేపర్లు దిద్దే చోట పెద్దాయన్ని బతిమాలి ఒక పూట సెలవు తీసుకుని, పదింటికి ఏలూరు బస్సు ఎక్కాను.

గన్నవరం దాటాక ఫోన్ మోగింది. అత్తగారి గొంతు నేను గుర్తుపట్టలేదు.

"పిల్ల కొట్టుకుంటోందమ్మా. కళ్ళు పైకి పోయినయ్. అమ్మవారికి కోపం వచ్చింది, నేనేం అపచారం చేశానో..."

బస్సు నిండా జనం. మా ఊరి వైపు వాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని నా కళ్ళు ముందు అటూ ఇటూ చూశాయి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం. నా పిల్ల అక్కడ కొట్టుకుంటుంటే, నేను బస్సులో తెలిసిన మొహాల కోసం వెతికాను. ఆ తర్వాతే నోరు పెగిలింది.

"అత్తయ్యా, వినండి. అది అమ్మవారి కోపం కాదు. ఫిట్స్. పాపకి రెండేళ్ళ నుంచి ఫిట్స్ ఉన్నాయి."

ఆ మాట పరాయివాళ్ళ మధ్య పైకి అనడం అదే మొదటిసారి. అరిచే అన్నాను. ముందు సీట్ల వాళ్ళు తిరిగి చూశారు.

"చేతిలో ఏముంది?"

"ఇనప్పెట్టె తాళాలు పెట్టానమ్మా. పక్కింటావిడ నోట్లో గంటె పెడతానంటోంది."

"తాళాలు తీసెయ్యండి. గంటె దగ్గరికి రానివ్వొద్దు. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఎంతసేపైంది?"

ఆవిడకి తెలియదు. గడియారం చూసుకోలేదు. చూడాలని ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు. ఊళ్ళో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆటోలో తీసుకెళ్ళమన్నాను. "టానిక్ సీసా కూడా పట్టుకెళ్ళండి" అని అరుస్తుండగానే ఫోన్ కట్ అయింది. వెనక సీట్లోంచి ఎవరో పెద్దాయన, "తాళాలు తియ్యమంటారేంటమ్మా, ఇనుము ఉండాలి" అన్నారు. "మీరు నోరు మూసుకోండి" అన్నాను. రెండేళ్ళ కింద అదే ఇనుముకి దణ్ణం పెట్టిన మనిషిని.

మా ఆయనకి ఫోన్ చేసి రెండు ముక్కల్లో చెప్పాను. కొట్టు వదిలేసి బండి మీద బయల్దేరుతున్నానన్నారు. ఆ తర్వాత చేయడానికి ఏ పనీ లేదు. బ్యాగు జిప్పు తీసి స్ప్రే బయటికి తీశాను. బొటనవేలంత ఉంటుంది. అది నా గుప్పిట్లో ఉంది, అది కొట్టాల్సిన ముక్కు పదిహేను కిలోమీటర్ల అవతల ఉంది. దిగి పరుగెత్తాలనిపించింది. బస్సు కంటే వేగంగా పరుగెత్తలేనని తెలిసీ అనిపించింది. మళ్ళీ మళ్ళీ ఫోన్ చేశాను, అత్తగారు ఎత్తలేదు. ఐదు నిమిషాలు దాటి ఉంటుంది, పది దాటి ఉంటుంది అని లెక్క వేసుకున్నాను. ఎక్కువసేపు ఆగకపోతే మెదడుకి ఏమవుతుందో నాకు తెలుసు. ఆ పాఠం మాత్రం అప్పుడు పొల్లు పోకుండా గుర్తొచ్చింది. కళ్ళు తెరుస్తుందా, తెరిచినా నన్ను గుర్తుపడుతుందా, మాట వస్తుందా. పక్క సీట్లో ఉన్నావిడ, ఎవరో తెలియదు, నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. కండక్టరు వెళ్ళి డ్రైవరుతో ఏదో చెప్పాడు. జంక్షన్ దాకా బస్సు ఇంకెక్కడా ఆగలేదు.

నేను ఆరోగ్య కేంద్రానికి వెళ్ళేసరికి పాప కిటికీ పక్క మంచం మీద పడుకుని ఉంది. ఫిట్స్ ఆగిపోయాయి. జుట్టులో వేపాకులు, ఒంటి నిండా పొక్కులు, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఊపిరి ఆడుతోంది. అత్తగారు మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నారు. చిన్న వయసు డాక్టరమ్మ ఒకావిడ బల్ల దగ్గర కాగితం రాస్తున్నారు. ఆవిడ ఎదురుగా నా టానిక్ సీసా ఉంది.

"తల్లి మీరేనా అండి? వచ్చేసరికి ఇంకా కొట్టుకుంటోంది. ముక్కులో మందు కొట్టాం, రెండు నిమిషాల్లో ఆగింది. మా నర్సులకి ఈ మధ్యే నేర్పించాను ఇది, మంచిపనైంది. కానీ అమ్మవారు పోసిన పిల్లకి ఇంతసేపు ఫిట్స్ అంటే మెదడుకి పాకిందేమోనని అనుమానంగా ఉంది. విజయవాడ పెద్దాసుపత్రికి రాస్తున్నాను. ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగితే మీ అత్తగారు ఈ టానిక్ తప్ప ఏం లేదన్నారు. ముందు కూడా ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? ఆవిడ కంగారులో సరిగ్గా చెప్పలేకపోయారు."

"రెండేళ్ళ నుంచి ఉన్నాయండి. అది టానిక్ కాదండి" అన్నాను. "అది ఫిట్స్ మందు."

డాక్టరమ్మ సీసా తీసి లేబులు చదివారు. నన్ను చూశారు. మళ్ళీ లేబులు చూశారు.

"ఇది ఎవరు అంటించారు?"

"నేనే."

"మీరు ఏం చేస్తుంటారు?"

"టీచర్నండి. జీవశాస్త్రం."

ఆవిడ నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. రాస్తున్న కాగితం పక్కన పెట్టి, "ఎన్ని పూటలు మానేశారు?" అని మాత్రం అడిగారు. నేను మానలేదని చెప్పబోయాను. మంచం కాళ్ళ దగ్గర నుంచి అత్తగారు మాట్లాడారు.

"మంగళారం సాయంత్రం నుంచీ పట్టలేదండి. అమ్మవారు ఉండగా ఏ మందూ నోట్లో పొయ్యకూడదు కదా. బలానికి పట్టే టానిక్ నాలుగు రోజులు మానితే ఏమవుద్దిలే అనుకున్నా. అమ్మాయి ఫోన్ చేసి అడిగితే, కంగారు పడుద్దని పట్టానని చెప్పా." నా వైపు తిరిగారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు టానిక్ అన్నావు కదమ్మా."

ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు. నేను చెప్పినదే నాకు అప్పజెప్పారు, అంతే. ఆవిడ ఆడింది చిన్న అబద్ధం, నా మీద జాలితో. దాన్ని నమ్ముకుని నా పెద్ద అబద్ధం మూడు రోజులు హాయిగా నడిచింది. జ్వరం ఉన్న పిల్లకి మందు లేకుండా చేసింది నేను. ఊళ్ళో ఉన్న డాక్టరుకి కూడా జబ్బు తెలియకుండా చేసింది నేను. ఎవరి మీదా కేకలు వేయడానికి నాకు చోటు మిగల్లేదు. వెళ్ళి అత్తగారి పక్కన నేల మీద కూర్చున్నాను.

డాక్టరమ్మ విజయవాడ డాక్టరుగారితో ఫోన్‌లో మాట్లాడారు. మందు మళ్ళీ మొదలుపెట్టి సాయంత్రం దాకా ఇక్కడే చూద్దామని, తెలివి సరిగ్గా రాకపోతే మాత్రం వెంటనే అంబులెన్సులో పంపిస్తానని చెప్పారు. ఆ 'రాకపోతే' దగ్గర అప్పుడే లోపలికి వచ్చిన మా ఆయన గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు.

ఎదురుచూడడం మొదలైంది. మధ్యలో ఒకసారి డాక్టరమ్మ వచ్చి నాడి చూసి, వెళ్ళబోతూ ఆగారు.

"మా రిజిస్టర్లో ఫిట్స్ ఉన్న పిల్లలు ఇద్దరే ఉన్నారండి. మందు ఇక్కడే ఇస్తాం, అయినా వచ్చేది ఇద్దరే. చుట్టూ ఇన్ని ఊళ్ళుంటే ఇద్దరేనంటే నేనెలా నమ్మను? మిగతా పిల్లలందరూ ఎక్కడో టానిక్ తాగుతూ ఉండి ఉంటారు."

"రోజూ అడిగిందమ్మా" అన్నారు అత్తగారు ఉన్నట్టుండి, నాతో. "టానిక్ పట్టవా నానమ్మా, టానిక్ పట్టవా నానమ్మా అని వెనకాలే తిరిగింది. తియ్యగా ఉంటది కదా, అందుకడుగుతోందనుకున్నా. నిన్నైతే ఏడ్చింది కూడా."

నాకు అప్పటికీ అర్థం కాలేదు.

మూడున్నరకి పాప కళ్ళు తెరిచింది. ముందు పైకప్పు చూసింది, తర్వాత కిటికీ, తర్వాత నన్ను.

"అమ్మా" అంది.

నా ప్రాణం లేచి వచ్చింది. ఏడుపు ఆపుకుంటూ, పొక్కులు లేని చోటు చూసి నుదుటి మీద చెయ్యి వేశాను. పాప నానమ్మ వైపు ఒకసారి చూసి, నన్ను దగ్గరికి వంగమని సైగ చేసింది. నాలుక కొరుక్కుంది కాబోలు, మాట ముద్దగా వచ్చింది.

"నేను చెప్పలేదమ్మా. నానమ్మ మందు ఆపేసింది. నాకు ఫిట్స్ వస్తాయని తెలుసు. అయినా చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదురా?"

నీకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది.

"చెప్తే నువ్వు చచ్చిపోతావు కదా. నీ మీద ఒట్టు వేశాను కదా."

మూడు రోజులు. ఏడేళ్ళ పిల్ల, జ్వరంతో, వేపాకుల మీద పడుకుని, తనకి ఏమవుతుందో తెలిసి, ఆ ఒక్క మాట చెబితే అమ్మ పోతుందని నోరు మూసుకుంది. ఫోన్‌లో నాకైనా చెబుదామంటే పక్కనే నానమ్మ ఉంది. నేనేమో నానమ్మ కసిరిందేమో అనుకున్నాను. మా ఆయన గోడ వైపు తిరిగారు. అత్తగారే లేచి వచ్చి, పాప చెయ్యి తీసి నా నెత్తి మీద పెట్టించారు.

"ఆ ఒట్టు తీసేశామని చెప్పమ్మా దానికి" అన్నారు.

"తీసేశాను" అన్నాను. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను."

"గట్టు మీద పెడితే నీకు ఇంకేం కాదా?"

"ఏం కాదు."

"నిజంగా?"

"నిజంగా."

నమ్మాలో వద్దో తేల్చుకోలేక నన్ను చాలాసేపు చూసింది. నా మాట మీద అనుమానం రావడం దానికి అదే మొదలు. ఆ హక్కు దానికుంది.

ఆ తర్వాత లేబుళ్ళు మార్చలేదు. అత్తగారు నేను భయపడినట్టే చేశారు, ఊళ్ళో ఒక్క ఇల్లు వదలకుండా చెప్పారు. "మా మనవరాలికి ఫిట్స్ అండి, మీ ఇంట్లో ఎవరికైనా వస్తే తాళాలు పెట్టబాకండి, పక్కకి తిప్పండి, గడియారం చూడండి" అని పాలకేంద్రం దగ్గర నిలబడి కూడా చెప్పారని విన్నాను. నాకు మొదట్లో ఒళ్ళు జలదరించేది. డాక్టరమ్మ పిలిచి, నెలకోసారి జరిగే ఆశా కార్యకర్తల మీటింగులో నన్ను మాట్లాడమన్నారు. పాత సీసా పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టి, ఇదేం మందో చెప్పండన్నాను. టానిక్ అన్నారు అందరూ. జరిగింది చెప్పాను. అయిపోయాక ఒకావిడ గుమ్మం దగ్గర నాకోసం ఆగి, చుట్టూ చూసి, తన కూతురికి కూడా ఉందని, మూడేళ్ళుగా ఎవరికీ చెప్పలేదని, ఊరంతా తిరిగి మందులిచ్చే తనే చెప్పుకోలేకపోయానని అంది. ఆవిడని తీసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళాను. రిజిస్టర్లో మూడో పేరు రాశారు డాక్టరమ్మ.

భయం పోయిందని అబద్ధం చెప్పను, అబద్ధాలు చాలినన్ని ఆడేశాను. గ్లాసు కింద పడ్డ చప్పుడైతే ఇప్పటికీ చేతిలో పని వదిలేసి పరుగెత్తుతాను. బడి నుంచి ఫోన్ వస్తే ఎత్తేలోపు గడియారం చూస్తాను. ఇప్పుడు స్ప్రేలు మూడు కొన్నాం. ఒకటి ఇంట్లో, ఒకటి నానమ్మ దగ్గర, ఒకటి బడిలో.

బడిలో ఇవ్వడానికి జూన్‌లో మొదటి రోజు నేనూ పాపా కలిసి వెళ్ళాం. మూడో తరగతి టీచరుగారు పుస్తకాల జాబితా చూసుకుంటూ, "ఇంకేమైనా చెప్పాలా అండి?" అన్నారు. క్లాసు నిండా పిల్లలు. బెంచీలన్నీ నాకు కనిపిస్తూనే ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపు పాప నా కొంగు లాగింది. వంగాను.

"ఒట్టు ఇంకా గట్టు మీదే ఉందామ్మా?" అని చెవిలో అడిగింది.

"అక్కడే ఉంది. నువ్వే చెప్పు."

పాప టీచరుగారి వైపు తిరిగి రెండు చేతులూ కట్టుకుంది.

"నాకు ఫిట్స్ వస్తాయి టీచర్" అంది. అని, ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను నిలబడే ఉన్నాను. అది చూసుకుని, మిగతాది చెప్పింది.